పిల్లకి మిస్టరీ పుస్తకాలు చెప్పండి బాబూ, నాలుగు గంటలుగా వెతుకుతున్నాను

కంచరపాలెం కోడలు
అందరికీ నమస్తే. సాయంత్రం ఆరున్నరకి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను, ఇప్పుడు పదిన్నర. అన్నం కూడా చల్లారిపోయింది. నాకు కావలసింది ఏమంత పెద్దది కాదు. పిల్లల కోసం ఒక మిస్టరీ పుస్తకమో సాహసాల పుస్తకమో, తెలుగులో, సరదాగా ఉండాలి, అంతే. వెతికితే ముందు నీతికథలు వచ్చాయి, తర్వాత తెనాలి రామకృష్ణ, ఆ తర్వాత మళ్ళీ అవే నీతికథలు, అట్ట రంగు మారింది. నిన్న ఇక్కడ వైజాగ్‌లో జగదాంబ దగ్గర ఒక షాపుకి వెళ్ళి "మిస్టరీ ఏమైనా ఉందాండీ, ఇంట్లో పిల్లకి" అని అడిగితే ఆయన లెక్కలు రాసుకుంటూనే, తలెత్తకుండా, ఒక నవల తీసి ఇచ్చాడు. నేనూ హడావిడిలో చూసుకోలేదు. ఇంటికొచ్చి తెరిస్తే 11వ పేజీలో నిమ్మకాయలు, నల్లకోడి, శ్మశానం! పిల్ల పడుకున్నాక నేను చదివి నేను జడుసుకున్నాను. శనివారం లోపల కావాలి. తెలిసినవాళ్ళు పేర్లు చెప్పండి, ప్లీజ్.

ఎన్ఏడీ కుర్రాడు
వయసు?

పాత చందమామ
అమ్మా, ఇంత వెతకాలా! దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ ఉండగా. తోకచుక్కతో మొదలుపెట్టండి. 1954లో చందమామలో వచ్చింది. కుండలినీ ద్వీపం, సమరసేనుడు, ఒంటికన్ను ఏకాక్షి, నాలుగు కళ్ళ చతుర్నేత్రుడు... ఇద్దరు మాంత్రికుల మధ్య ఇరుక్కుపోయిన మామూలు మనుషుల కథ. ప్రతి భాగం చివర ఎవరో ఒకరు ప్రమాదంలో పడతారు, అక్కడ ఆపేస్తాడు మహానుభావుడు. నెలంతా ఎదురుచూసేవాళ్ళం. మా నాన్న పోస్ట్‌మేన్ దగ్గర పుస్తకం అందుకుని ముందు తను చదువుకుని తర్వాత మాకిచ్చేవారు, దాని మీద ఇంట్లో రోజూ గొడవే. తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం... డజను ఉన్నాయి, పుస్తకాలుగా కూడా వచ్చాయి. ఆ రోజుల్లో ఆయన పేరు కూడా వేసేవారు కాదు. చాలామంది చందమామ నడిపిన కొడవటిగంటి కుటుంబరావు గారే రాశారనుకునేవారు.

పోర్టు రిటైర్డ్
కొనడం ఎందుకమ్మా అని అడుగుతున్నాను. మీరు ఇంటి పన్ను కడుతున్నారా? అందులో గ్రంథాలయ పన్ను అని ఒకటి ఉంటుంది, రూపాయికి 8 పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం అది. అంటే ప్రతి ఏడాదీ మీరు డబ్బు కడుతూనే ఉన్నారు, పుస్తకం మాత్రం తెచ్చుకోవడం లేదు. ఈ రాష్ట్రంలో 1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగింది, అయ్యంకి వెంకట రమణయ్య గారు ఊరూరా గ్రంథాలయాలు పెట్టించారు, పాతూరి నాగభూషణం గారు పడవల మీద కూడా పుస్తకాలు పంపారు. మనమేమో ఫోన్‌లో వెతుక్కుంటున్నాం. ద్వారకానగర్‌లో విశాఖ పౌర గ్రంథాలయం ఉంది, ఏరోజైనా లోపలికి వెళ్ళారా? నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆదివారం ఆదివారం...

ఎన్ఏడీ కుర్రాడు
సార్ ఆవిడ పుస్తకం పేరు అడిగారు, పన్ను రసీదు కాదు.

పోర్టు రిటైర్డ్
బాబూ, పేరు చెప్పడం అందరికీ వచ్చు. పుస్తకం ఎక్కడుందో చెప్పడమే సాయం.

యుగంధర్ అభిమాని
ముందు ఒక మాట తేల్చుకుందాం. ఆవిడ అడిగింది మిస్టరీ. తోకచుక్క మిస్టరీ కాదు, జానపద సాహసం. మిస్టరీ అంటే ఒక ప్రశ్న ఉండాలి, ఆధారాలు పాఠకుడి ముందే పడి ఉండాలి, చివర డిటెక్టివ్ అవి చూపించి "చూశావా, నువ్వూ చూశావు కానీ పట్టించుకోలేదు" అనాలి. మాంత్రికుడు మంత్రం వేస్తే అక్కడ ఆలోచించడానికి ఏం ఉంది? తెలుగులో దానికి అపరాధ పరిశోధన అనే చక్కటి మాట ఉంది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు... అద్దె పుస్తకాల షాపులో రోజుకి పావలా ఇచ్చి తెచ్చి, లెక్కల పుస్తకంలో పెట్టుకుని చదివాం.

పాత చందమామ
అపరాధం అంటే నేరం. పిల్ల పుస్తకంలో నేరం ఎందుకండీ? గుహలో దీపం ఎవరు వెలిగించారు అన్నదీ మిస్టరీయే. శిథిలాలయం చదివి చెప్పండి, అందులో తెలుసుకోవాలన్న ఆత్రం లేదంటే నేను మాట్లాడను. ఇక లెక్కల పుస్తకంలో పెట్టుకున్నారంటున్నారు కదా, ఆ పుస్తకాల్లో పేజీకో శవం ఉంటుంది. ఇది పిల్లల పుస్తకాల చర్చ.

యుగంధర్ అభిమాని
శవం లేని డిటెక్టివ్ కథలు బోలెడు. జర్మన్ రచయిత ఎరిక్ కెస్ట్‌నర్ 1929లో ఎమీల్ అనే కుర్రాడి కథ రాశాడు. వాడు రైల్లో అమ్మమ్మ ఊరికి డబ్బు తీసుకెళ్తుంటే ఎదుటివాడు కొట్టేస్తాడు. డబ్బు జేబులో ఉంటే పోతుందని అంతకుముందే గుండుసూదితో కోటు లోపలికి గుచ్చుకున్నాడు. చివర్లో దొంగ దగ్గర దొరికిన నోట్లు ఎవరివని ప్రశ్న వస్తే, నోట్ల మీద సూది కన్నాలు! అదీ ఆధారం అంటే. మొత్తం పుస్తకంలో ఒక్కరు కూడా చావరు. ఇది నేరమే, అపరాధమే, కానీ పిల్లలది.

గాజువాక టీచరమ్మ
ఎమీల్ నాకు చాలా ఇష్టం, ఆ సూది కన్నాల దగ్గర మా క్లాసు పిల్లలు చప్పట్లు కొట్టారు (నేను నోటితో చెప్పాను, పుస్తకం ఇవ్వలేదు). కానీ కంచరపాలెం గారూ, మీరు వయసు చెప్పలేదు, ఆ పిల్ల తెలుగు ఎంత వేగంగా చదువుతుందో చెప్పలేదు. ఒత్తులు, సంయుక్తాక్షరాల దగ్గర ఆగి ఆగి చదివే పిల్లకి తోకచుక్క చేతిలో పెడితే మూడో పేజీకి పక్కన పెట్టేస్తుంది. తప్పు పిల్లది కాదు, పుస్తకానిదీ కాదు.

కంచరపాలెం కోడలు
9 ఏళ్ళు అండి. ఇంగ్లీషు మీడియం. తెలుగు చదవడం రాదు, అక్షరాలు గుర్తుపడుతుంది అంతే.

ఎన్ఏడీ కుర్రాడు
మరి తెలుగు పుస్తకం ఎందుకు???

పాత చందమామ
అమ్మా...

కంచరపాలెం కోడలు
చదివేది మా అత్తగారు అండి. చెప్పలేదా? శనివారం నుంచి నాకు నైట్ డ్యూటీ పడింది. మా ఆయన ఊళ్ళో లేరు. ఆ పిల్ల ఇప్పటివరకు నేను పక్కన లేకుండా ఒక్కరోజు కూడా పడుకోలేదు. రోజూ ఒక అధ్యాయం నానమ్మ చదివితే వింటూ పడుకుంటుందని నా ఆశ. మాములు కథలైతే నానమ్మకి వచ్చినవన్నీ అయిపోయాయి, ఏడు చేపల కథ చెబితే "తర్వాత చీమ ఏం అంటుందో నాకు తెలుసు" అంటోంది. అందుకే మిస్టరీ అన్నాను, రేపు ఏమవుతుందో అని ఎదురుచూడాలి. అత్తగారికి ఒక కంట్లో శుక్లం ఆపరేషన్ అయింది, రెండోది అవ్వలేదు, కాబట్టి చిన్న అక్షరాలు వద్దు. ఇంకోటి, దయ్యాలు, శ్మశానాలు వద్దు. పిల్లకి కాదు, అత్తగారికి భయం.

గాజువాక టీచరమ్మ
అయ్యో, ఇది మొదట చెప్పాలి కదమ్మా! ఇప్పుడు అంతా మారిపోయింది. వినే పిల్లకి సంయుక్తాక్షరాలతో పని లేదు, తోకచుక్క హాయిగా ఇవ్వచ్చు. నెలకో భాగం చొప్పున రాసినవి కాబట్టి ఒక్కో భాగం ఒక్కో రాత్రికి సరిపోతుంది, ఆపాల్సిన చోట రచయితే ఆపి పెట్టాడు.

ఇక రెండోది, నండూరి రామమోహనరావు గారు తెలుగు చేసిన టామ్ సాయర్. పైకి చదివి చూడండి, ఆ తెలుగు నోటికి అడ్డు తగలదు. టామ్‌కి శిక్షగా కంచెకి సున్నం వేయమంటే, అదేదో అందరికీ దొరకని అదృష్టం అన్నట్టు నటించి ఊళ్ళో పిల్లలందరి దగ్గరా ఆపిల్ పండూ, గాలిపటమూ లంచం తీసుకుని వాళ్ళతోనే వేయిస్తాడు, చూడండి, ఆ అధ్యాయం ఏ పిల్లా మధ్యలో నిద్రపోదు. కాకపోతే అర్ధరాత్రి శ్మశానం ఘట్టం ఒకటి ఉంది, అక్కడ హత్య కూడా జరుగుతుంది. అత్తగారికి ముందే చెప్పి ఆ అధ్యాయం పగలు ఆవిడ ఒక్కరే చదివి, రాత్రి "టామ్ ఒక ఘోరం చూశాడు, ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టుకున్నాడు" అని రెండు ముక్కల్లో చెప్పేయమనండి.

మూడోది కాంచనద్వీపం. ట్రెజర్ ఐలాండ్‌కి తెలుగు, అదీ నండూరి వారి అనువాదమే. జిమ్ అనే కుర్రాడు ఆపిల్ పీపాలో పండు కోసం దిగి అడుగున కూర్చుని ఉంటే, పైన పీపాకి ఆనుకుని ఓడవాళ్ళు అందరినీ చంపేద్దామని మాట్లాడుకుంటారు. కదిలితే చచ్చాడు. దుప్పటి కప్పుకుని వినడానికి దీన్ని మించినది లేదు.

యుగంధర్ అభిమాని
అయితే ఇవి మిస్టరీ కాదు, సాహసం అని ఒప్పుకుంటున్నారన్నమాట.

గాజువాక టీచరమ్మ
మీకు నమస్కారం సార్.

ఎన్ఏడీ కుర్రాడు
బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ చూపించి ఆ రాత్రి జూల్స్ వెర్న్ మొదలుపెట్టండి. సముద్రం అడుగున 20 వేల లీగులు. నేను పదేళ్ళప్పుడు అలాగే చదివాను. కురుసుర లోపల ఒకరి మీద ఒకరు పడుకునే ఆ ఇరుకు మంచాలు చూశాక ఆ నవలలోని నాటిలస్ సబ్‌మెరైన్ కథ వేరేలా ఉంటుంది.

పోర్టు రిటైర్డ్
20 వేల లీగుల లోతు సముద్రంలో ఎక్కడా లేదు బాబూ. అది లోతు కాదు, వాళ్ళు లోపల్లోపల ప్రయాణం చేసిన దూరం. ఇంకో సంగతి, ఆ నాటిలస్ కెప్టెన్ నెమో ఎవరనుకున్నారు? మనవాడే. బుందేల్‌ఖండ్ రాజకుమారుడు, అసలు పేరు డక్కార్. అది వెర్న్ తర్వాత రాసిన ఇంకో నవలలో బయటపడుతుంది. అత్తగారికి ఈ సంగతి చెప్పండి, "ఆ తెల్లోడి కథ" అనకుండా చదువుతారు.

కంచరపాలెం కోడలు
అచ్చం ఆ మాటే అంటారు అండి, "ఆ తెల్లోడు"! నెమో సంగతి బాగుంది. కానీ లీగులు, సబ్‌మెరైన్ అంటే ఆవిడకి కష్టం. పిల్లని కురుసురకి తీసుకెళ్తాను ఎలాగూ.

ఎన్ఏడీ కుర్రాడు
అసలైన మిస్టరీ మన ఎదురుగానే ఉంది. 1971 డిసెంబర్, పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిపోవడం. మన నేవీ ముంచిందంటారు, పాకిస్తాన్ వాళ్ళు లోపలే పేలిందంటారు. ఇప్పటికీ తేలలేదు. అక్కడే, ఈ నీళ్ళల్లోనే ఉంది.

గాజువాక టీచరమ్మ
దానిలో అందరూ చనిపోయారు బాబూ, 9 ఏళ్ళ పిల్లకి నిద్రపోయే ముందా?

పాత చందమామ
అత్తగారి కంటి సంగతికి ఒక ఉపాయం. తోకచుక్క కొత్త పుస్తకం దొరక్కపోతే, పాత చందమామలు ఇంటర్‌నెట్‌లో స్కాన్ చేసినవి ఉన్నాయి. టాబ్‌లో పెట్టి అక్షరం పెద్దది చేసుకోవచ్చు. పైగా శంకర్ గారి బొమ్మలు కూడా చూడచ్చు.

యుగంధర్ అభిమాని
సీరియల్స్‌కి బొమ్మలు వేసింది శంకర్ కాదు, చిత్రా. శంకర్ బేతాళ కథలకి. పాత చందమామ అని పేరు పెట్టుకుని ఈ తప్పా?

పాత చందమామ
ఒప్పుకుంటున్నాను. చిత్రాయే. రాత్రి పన్నెండు దాటింది, అవన్నీ కలిసిపోతున్నాయి. ఆ మొసలి నోట్లోంచి దూకే బొమ్మ చిత్రాదే, ఇప్పుడు కళ్ళకి కట్టినట్టుంది.

యుగంధర్ అభిమాని
మొసలి తోకచుక్కలో కాదేమో, మకరదేవతలో అయి ఉంటుంది.

పాత చందమామ
మీరు పడుకోరా?

పోర్టు రిటైర్డ్
స్కాన్ చేసినవి వాడటం సరైనదా అనేది వేరే చర్చ. హక్కులు ఎవరివి? నేను మాత్రం ముందు లైబ్రరీలో అడగమంటాను. అక్కడ ఉన్న పాత ప్రతుల్లో అక్షరం పెద్దదిగానే ఉంటుంది, ఇప్పటి పుస్తకాల్లోనే కాగితం మిగులుతుందని చిన్నది చేస్తున్నారు.

గాజువాక టీచరమ్మ
కంచరపాలెం గారూ, ఏ పుస్తకమైనా కొనేముందు షాపులోనే ఒక పేజీ పైకి చదవండి. రెండు వాక్యాలకి ఊపిరి అందకపోతే వద్దు. ఆవిడకి రోజూ చదవాలి కదా. మొదటి రాత్రి మీరు డ్యూటీకి వెళ్ళకముందే నానమ్మతో కలిసి మొదలుపెట్టండి, రెండో రాత్రికి పిల్ల "నిన్న ఎక్కడ ఆపావు" అని ఆవిడనే అడుగుతుంది.

ఎన్ఏడీ కుర్రాడు
ఫెలూదా కథలు కూడా చూడండి. సత్యజిత్ రే రాసిన డిటెక్టివ్. సోనార్ కెల్లాలో ఒక చిన్న కుర్రాడికి గత జన్మలో చూసిన బంగారు కోట గుర్తొస్తుంది, దాన్ని వెతుక్కుంటూ జైసల్మేర్ వరకూ వెళ్తారు. పిల్ల పెద్దయ్యాక ఇంగ్లీషులో తనే చదువుకుంటుంది.

యుగంధర్ అభిమాని
అది మిస్టరీ. ఒప్పుకుంటాను.

పాత చందమామ
హమ్మయ్య.

(ఆ తర్వాతి మంగళవారం)

కంచరపాలెం కోడలు
థాంక్సండీ అందరికీ, రాయడం మరిచిపోయాను. తోకచుక్క దొరికింది. అత్తగారు మొదటి పేజీ చూసి "ఇది నాకు తెలుసే, మా అన్నయ్య చదివేవాడు" అన్నారు. నిన్న రాత్రి రెండు భాగాలు అయ్యాయట, మూడోదానికి కళ్ళు మంటపుట్టి ఆపారట, పిల్ల ఊరుకోలేదట. ఏకాక్షి మంచివాడా చెడ్డవాడా అని పొద్దున్నే నన్ను అడుగుతోంది, నాకేం తెలుసు. బస్సు వచ్చింది, ఉంటాను.

పోర్టు రిటైర్డ్
కొన్నారా, లైబ్రరీ నుంచి తెచ్చారా?