వ్యాపారానికి బ్యాంకులో కరెంటు ఖాతా తెరవడానికి ఒక భాగస్వామి సంతకం చాలదా?

భీమవరం మేత ఏజెన్సీ:
నమస్కారం. మా బావగారూ నేనూ కలిసి రొయ్యల మేత ఏజెన్సీ పెట్టుకున్నాము. ఒప్పందాన్ని స్టాంపు కాగితం మీద రాసుకొని నోటరీ చేయించాము గాని, ఫర్మును రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించలేదు. బావగారు మస్కట్‌లో ఉంటారు కనుక ఇక్కడి వ్యవహారమంతా నేనే చూసుకుంటాను. ఫర్ము పేరున కరెంటు ఖాతా కోసం ఇప్పటికి మూడుసార్లు బ్యాంకుకు తిరిగాను. పాన్ కార్డులో నా ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉందని మొదటిసారి తిప్పి పంపారు. దాన్ని సరిచేయించుకొని వెళితే ఫర్ము పాన్ ఏదన్నారు. అదీ తెచ్చాక, ఖాతా నడపడానికి మీకు అధికారం ఇచ్చిన పత్రం ఏదని అడిగారు. సగం వాటా నాదే అయినప్పుడు నాకు ఇంకొకరు అధికారం ఇవ్వడమేమిటో బోధపడలేదు. అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం:
మీ సందేహం సహజమే. నేను కౌంటరులో కూర్చున్న రోజుల్లో ఇదే మాట ఎంతోమంది కోపంగా అడిగారు. బ్యాంకు తేల్చుకోవలసిన సంగతులు రెండు: మీరు ఫలానా మనిషే అన్నది ఒకటి, ఫర్ము తరఫున సంతకం పెట్టే హక్కు మీకుందా అన్నది రెండోది. పాన్, ఆధార్ మొదటిదానికే పనికివస్తాయి. రెండోదానికి 1932 నాటి భాగస్వామ్య చట్టం చూడాలి. భాగస్వామికి సహజంగా ఉండే అధికారాలేవో చెబుతూనే, ఫర్ము తరఫున బ్యాంకు ఖాతాను తన సొంత పేరుతో తెరవడం వాటిలోకి రాదని 19వ సెక్షన్ స్పష్టంగా అంటుంది. మీరు ఫర్ము పేరుతోనే అడుగుతున్నారు కనుక ఆ నిషేధం నేరుగా వర్తించకపోవచ్చు గాని, మిగతా భాగస్వాముల సమ్మతి కాగితం మీద లేకుండా ఏ శాఖా అడుగు ముందుకు వేయదు. ఇద్దరు భాగస్వాములు గొడవపడి, ఒకరు ఇచ్చిన చెక్కును ఆపమని ఇంకొకరు ఉత్తరం పట్టుకొచ్చిన రోజున మేనేజరు బీరువా తెరిచి వెతికేది ఆ కాగితం కోసమే.

మీ ఫర్ము నమోదు కాకపోవడం ఇంకో చిక్కు. రిజర్వు బ్యాంకు కేవైసీ (ఖాతాదారు ఎవరో నిర్ధారించుకొనే) నిబంధనల్లో నమోదు కాని భాగస్వామ్య ఫర్మును నమోదు లేని సంఘంతో సమానంగా చూస్తారు. అందుకే నిర్వాహకుల తీర్మానమూ, లావాదేవీలు జరపడానికి ఇచ్చిన అధికారపత్రమూ అడుగుతారు. అవి రాయించి ఇచ్చినా సరిపోతుంది. అయితే నమోదు లేని ఫర్ము ఇతరుల మీద బాకీ దావా వేయలేదని అదే చట్టం 69వ సెక్షన్ చెబుతోంది. అరువు మీద మేత ఇచ్చే వ్యాపారం మీది. నా సలహా అడిగితే ఖాతా సంగతి అటుంచి ముందు నమోదు చేయించండి.

కరీంనగర్ బొటిక్:
నాది ఏకవ్యక్తి సంస్థ కనుక తీర్మానాల గొడవ లేదు. నా గుర్తింపు పత్రాలు కాక, వ్యాపారం ఉన్నట్టు రుజువుగా రెండు పత్రాలు కావాలంటే ఉద్యమ్ (చిన్న వ్యాపారాల నమోదు) ధ్రువపత్రమూ, దుకాణాల చట్టం కింద తీసుకున్న లైసెన్సూ ఇచ్చాను. చిక్కు పేరు దగ్గరే వచ్చింది. పాన్ పుట్టింటి ఇంటిపేరుతో, లైసెన్సు అత్తింటి ఇంటిపేరుతో ఉన్నాయి. ప్రభుత్వం ఇచ్చిన వివాహ ధ్రువపత్రం జతచేస్తే పాత పేరుతో ఉన్న గుర్తింపు పత్రం కూడా చెల్లుతుందని ఒక అధికారి చెప్పారు. అలాగే ఇచ్చాను, ఒప్పుకున్నారు.

తరువాత దుకాణం చూడటానికి ఒక అబ్బాయి వచ్చాడు. అప్పటికి బోర్డు రాయించలేదు. పక్కవీధిలో ఫ్లెక్సీ కొట్టించి, కిటికీ ఊచలకు పురికొస తాడుతో కట్టాను. అది గాలికి ఎగురుతుంటే నేను ఒక మూల పట్టుకొని నిలబడ్డాను, అతను ఫోనులో లొకేషన్ వచ్చేలా ఫొటో తీసుకున్నాడు. బ్యాంకు ఫైలులో ఇప్పటికీ ఆ ఫొటోలో నా చెయ్యి సగం కనబడుతూ ఉండాలి.

మాదాపూర్ డైరెక్టరు:
మాది ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ. ఇన్‌కార్పొరేషన్ (కంపెనీ నమోదు) ధ్రువపత్రం, కంపెనీ ఉద్దేశాలు చెప్పే మెమొరాండం, నియమాలు చెప్పే ఆర్టికల్స్, కంపెనీ పాన్ అన్నీ ఉన్నా బోర్డు తీర్మానం దగ్గర పదిహేను రోజులు పోయాయి. ఖాతా నడిపేది నేనని తీర్మానం రాసి, ఆ నకలు నిజమైనదని కింద నేనే సంతకం పెట్టాను. ఎవరికి అధికారం ఇస్తున్నారో వారే ధ్రువీకరిస్తే ఎలాగని బ్యాంకు తిప్పి పంపింది. రెండో డైరెక్టరుతో సంతకం చేయించాము. ఇద్దరూ కలిసి సంతకం పెట్టాలా, ఎవరో ఒకరు పెడితే చాలునా అన్నది తీర్మానంలో లేదని అది మళ్లీ వెనక్కి వచ్చింది.

వాటాదారుల వివరాలూ అడుగుతారు. కంపెనీలో పది శాతానికి మించి వాటా ఉన్న వ్యక్తి ఎవరో, ఆ వాటా ఇంకో సంస్థ పేరు మీద ఉంటే దాని వెనుక ఉన్న మనిషి ఎవరో చెప్పాలి. 2023కు ముందు ఈ హద్దు 25 శాతం ఉండేది. కొత్త కంపెనీ పెట్టినవారు ఆలస్యం చేయకండి. వాటా సొమ్ము జమ అయిందని 180 రోజుల్లోగా ప్రకటన దాఖలు చేయాలి, ఖాతా లేకపోతే ఆ సొమ్ము జమ చేసే దారే ఉండదు.

భీమవరం మేత ఏజెన్సీ:
అందరికీ ధన్యవాదాలు. విశ్రాంత ఉద్యోగి గారూ, ఇంకొక్క సందేహం. బావగారు ఇప్పట్లో రాలేరు. ఆయన పాస్‌పోర్టు నకలును నేను ఇక్కడ నోటరీ చేయిస్తే చెల్లుతుందా?

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం:
ఇక్కడి నోటరీ పనికిరాదు, అసలు పాస్‌పోర్టు ఆయన దగ్గర ఉంది కదా. మస్కట్‌లోని భారత రాయబార కార్యాలయంలో గాని, అక్కడి నోటరీ చేత గాని, మన బ్యాంకుల విదేశీ శాఖ ఉంటే దాని అధికారి చేత గాని ధ్రువీకరింపజేయవచ్చు. మీకు ఇచ్చే అధికారపత్రం మీద కూడా అక్కడే సంతకం పెట్టించి, రెండూ ఒకే కవరులో తెప్పించుకోండి. ఏ ధ్రువీకరణ ఒప్పుకుంటారో పంపకముందే మీ శాఖను లిఖితపూర్వకంగా అడగండి. నోటిమాట నమ్మితే నాలుగోసారి కూడా తిరగవలసి వస్తుంది.

భీమవరం మేత ఏజెన్సీ:
బ్యాంకుకు మెయిలు పెట్టాను, రాయబార కార్యాలయం ముద్ర కావాలని జవాబిచ్చారు. బావగారికి గురువారం అపాయింట్‌మెంటు దొరికింది. ఈలోగా ఫర్ము నమోదుకు దరఖాస్తు రాయిస్తున్నాను.