సిగరెట్టు కాలిస్తేనే నిద్ర పడుతోంది, మరి నిద్ర పాడుచేసేది కూడా అదేనా?

యార్డు గుమాస్తా, గుంటూరు:
వయసు 46. ఇరవై ఏళ్లుగా రోజుకు పది పన్నెండు సిగరెట్లు. రాత్రి పదిన్నరకు ఆఖరిది కాల్చి పడుకుంటాను. గంటసేపు అటూ ఇటూ దొర్లితే గాని కన్ను మూతపడదు. మళ్లీ మూడింటికి ఎవరో తట్టి లేపినట్టు మెలకువ. మేడ మెట్ల మీద కూర్చుని ఒకటి కాలిస్తే ప్రాణం కుదుటపడి కునుకు వస్తుంది. పొద్దున మిర్చి యార్డులో లెక్క రాస్తూ తూగుతున్నాను. మొన్న 45 టిక్కీలను (మిర్చి బస్తాలను) 54గా రాసి షావుకారు చేత చీవాట్లు తిన్నాను. సిగరెట్టే కారణమని మా ఆవిడ వాదన. నిద్ర తెప్పించేదే నిద్ర చెడగొడుతుందా?

మందుల షాపు, గవర్నర్‌పేట, విజయవాడ:
మీ ఆవిడే గెలిచారు. సిగరెట్టులోని నికోటిన్ నిద్రమందు కాదండీ, గుండె వేగాన్ని పెంచి మెదడును మేల్కొలిపే పదార్థం. పక్క మీద దొర్లడం అందుకే. రక్తంలో అది సుమారు రెండు గంటలకు సగమవుతుంది. అంటే పదిన్నరకు కాల్చినది మూడింటికి ఐదో వంతు మాత్రమే మిగులుతుంది. అలవాటుపడిన ఒళ్లు ఊరుకోదు, లేపుతుంది. అప్పిచ్చినవాడు అర్ధరాత్రి తలుపు తట్టి వడ్డీ పట్టుకుపోతే, మేలు చేసి వెళ్లాడని మీరు సంతోషిస్తున్నారు. గురక కూడా ఉందా? పొగ గొంతును వాచేలా చేస్తుంది. గురక మధ్యలో ఊపిరి ఆగుతుంటే మాత్రం డాక్టరుకు చూపించాలి.

బ్రాడీపేట వాసి:
నేను మానేసి రెండేళ్లయింది. పొగాకు బోర్డు ఆఫీసున్న ఊళ్లో ఉంటూ మానేశాను, అదొక గొప్ప! ముందే చెబుతున్నాను, మొదటి రెండు వారాలు నిద్ర ఇంకా చెడుతుంది. భయపడి మళ్లీ అంటించకండి. నన్ను అసలు ముంచింది టీ. పొగలోని పదార్థాల వల్ల కాలేయం కెఫీన్‌ను త్వరగా ఖర్చు చేస్తుందట. పొగ ఆపితే అదే టీ ఒంట్లో చాలాసేపు నిలుస్తుంది. ఈ సంగతి తెలియక రోజుకు ఆరు టీలు తాగి, పిచ్చెక్కుతోందనుకున్నాను. మధ్యాహ్నం తర్వాత టీ మానేశాకే గాఢంగా పడుకున్నాను. మానేందుకు చర్మానికి అంటించుకునే నికోటిన్ పట్టీ వాడితే, రాత్రి తీసేయవచ్చేమో డాక్టరును అడగండి. ఒంటి మీద ఉంచుకుని పడుకుంటే కలల గోల ఎక్కువ. మానడానికి సాయం చేసేవాళ్ల నంబరు సిగరెట్టు పెట్టె మీదే 1800-11-2356 అని ఉంటుంది, ఉచితమే, ఫోను చేయండి.

యార్డు గుమాస్తా:
గురక సంగతి అడిగితే మా ఆవిడ నవ్వింది. ఇక టీలంటారా, సరుకు తెచ్చిన ప్రతి రైతుతోనూ ఒకటి. సీజనులో ఎనిమిదికి తగ్గవు. నిన్న రాత్రి మూడింటికి మెట్ల దాకా వెళ్లి, మంచినీళ్లు తాగి తిరిగొచ్చాను. తెల్లవారేదాకా నిద్ర లేదు. పెట్టెను ఆవిడ బియ్యం డబ్బాలో దాచింది. నేను చూశానని ఆవిడకు తెలియదు.