ఫోన్లో డాలర్లా, ట్యాంకరులో నీళ్ళా? సోమాలియా శిబిరంలో స్థానిక సంస్థ దేనికి ఖర్చు పెట్టాలి

చిట్టాఆవర్జా:
చర్చ గాలిలో పోకుండా ముందు ఒక లెక్క అనుకుందాం. దక్షిణ సోమాలియాలో బైదోవా ఊరి శివార్లలో నిర్వాసితుల శిబిరం. 300 కుటుంబాలు, ఇంటికి ఆరుగురు, మొత్తం 1,800 మంది. వానల్లేక జొన్న చేలు ఎండిపోయి కొందరు, అల్‌షబాబ్ అనే సాయుధ ముఠా వసూళ్ళు తట్టుకోలేక కొందరు పల్లెలు వదిలి వచ్చారు. అక్కడి ఒక చిన్న స్థానిక సంస్థ దగ్గర మూడు నెలలకు సరిపడా డబ్బుంది. అన్నీ చేసేంత లేదు. నా మాట సూటిగా: ఆ డబ్బంతా కుటుంబాల ఫోన్లకే వెయ్యాలి.

సోమాలియాలో నగదంటే ఫోనే. దక్షిణాన హోర్ముద్ అనే ఫోన్ కంపెనీ వాళ్ళ ఈవీసీ ప్లస్, ఉత్తరాన సోమాలీలాండ్‌లో 2009 నుంచి జాద్, ఈశాన్యాన పుంట్‌లాండ్‌లో సహల్, ఇవి ఫోన్లో డబ్బు పంపే సేవలు. అన్నీ డాలర్లలో నడుస్తాయి, బటన్ల ఫోను చాలు, ఇంటర్నెట్ అక్కర్లేదు. షిల్లింగుల్లో మిగిలింది 1,000 నోటు ఒక్కటే, చలామణిలో ఉన్నవాటిలో 98 శాతం దొంగనోట్లని ఐఎంఎఫ్ అంచనా. టీకొట్టు వాడు కూడా ఫోన్లోనే పుచ్చుకుంటాడు.

ఇప్పుడు సరుకుల లెక్క చూడండి. మనిషికి రోజుకి 2,100 కిలోక్యాలరీలు రావాలంటే 400 గ్రాముల ధాన్యం, 60 పప్పు, 25 నూనె, పైన కాస్త పోషక పిండి, పంచదార, ఉప్పు. ఒక ఇంటికి నెలకు ధాన్యమే 72 కిలోలు. శిబిరం మొత్తానికి 21,600 కిలోలు, అంటే 50 కిలోల బస్తాలు 432. దారిలో ప్రతి చెక్‌పోస్టు దగ్గరా ఆ లారీలు ఆగాల్సిందే, ఎవడికో ఒకడికి కట్టాల్సిందే. ఇంకోటి ఎవరూ చెప్పరు: ఇచ్చేది జొన్న గింజలు. మర పట్టించడానికి డబ్బు లేక ఆ జొన్నల్లోనే కొన్ని అమ్ముకుంటారు, కట్టెల కోసం మరికొన్ని. ఇంటికి చేరేది 72 కిలోలు కాదు.

కుండనీళ్ళు:
తిండి వరకూ ఒప్పుకుంటాను. వర్తకుడు జొన్నలు తెస్తాడు, జనం కొంటారు. నీళ్ళకి ఆ సూత్రం పనిచెయ్యదండీ.

మనిషికి రోజుకి 15 లీటర్లు కనీస ప్రమాణం, ప్రాణం నిలబడడానికి 7.5. మీ శిబిరానికి 27,000 లేదా 13,500 లీటర్లు. పది వేల లీటర్ల ట్యాంకరు దాదాపు మూడు ట్రిప్పులు, లేదా ఒకటిన్నర. కుళాయికి 250 మంది చొప్పున ఎనిమిది కుళాయిలు. ఈ డబ్బు ఫోన్లకి వేస్తే జనం గాడిదబండి మీద డ్రమ్ములో తెచ్చే నీళ్ళు కొంటారు. 300 ఇళ్ళకీ ఒకే రోజు డబ్బు పడితే డ్రమ్ము ధర ఆ సాయంత్రానికే పెరుగుతుంది. ఆ నీళ్ళలో క్లోరిన్ ఉండదు. తర్వాత వచ్చేది కలరా.

చిట్టాఆవర్జా:
ట్యాంకరు అడుగులేని కుండ. మీ పేరుని ఎత్తిపొడవడం కాదు. డబ్బయిపోయిన మర్నాడు నీళ్ళు ఆగిపోతాయి. పైగా మూడు ట్రిప్పులకి బిల్లు, రెండు ట్రిప్పులకి నీళ్ళు. క్లోరిన్ వేశామంటారు, ఎవరు చూశారు?

కుండనీళ్ళు:
చూసే పద్ధతి ఉంది. చాలాచోట్ల పాటించరు, అంతే.

65–70 శాతం క్లోరిన్ ఉండే పొడి (మన పంచాయతీల బ్లీచింగ్ పౌడరు మంచిదైతే 33 శాతం, మూత తీసి పెడితే ఇంకా తక్కువ) 15 గ్రాములు లీటరు నీళ్ళలో కలిపితే ఒక శాతం ద్రావణం. నాలుగు బకెట్లలో 20 లీటర్ల చొప్పున ట్యాంకరు నింపే బావి నీళ్ళే పోసి, ద్రావణం వరుసగా 2, 4, 6, 8 మిల్లీలీటర్లు వెయ్యాలి. అరగంట ఆగి క్లోరిన్ పరీక్ష మాత్ర వేసి గులాబీ రంగు చూడాలి. లీటరుకి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిన బకెట్టే కొలత. అది 4 మిల్లీలీటర్ల బకెట్టయితే పది వేల లీటర్ల ట్యాంకరుకి రెండు లీటర్ల ద్రావణం.

తప్పు జరిగేది ఇక్కడ: డ్రైవరు గుప్పెడు పొడి నేరుగా పైనుంచి వేస్తాడు. అది ముద్దకట్టి అడుక్కి దిగుతుంది. అడుగున కుళాయి కాబట్టి మొదటి పాతిక బిందెలు ఘాటుకి నోట పెట్టలేరు, చివరి వందలో ఏమీ ఉండదు. ఘాటు చూసినవాళ్ళు "మందు కలిపారు" అని మళ్ళీ డ్రమ్ము నీళ్ళకే పోతారు. ట్యాంకు పావు వంతు నిండినప్పుడు ద్రావణం పోస్తే, మిగతా నీళ్ళు పడుతూ అదే కలుస్తుంది. తుప్పు పట్టిన ట్యాంకు క్లోరిన్‌ని తినేస్తుంది. అంతకుముందు డీజిల్ మోసిన ట్యాంకరు ఎంత కడిగినా వద్దు. నీళ్ళు బురదగా ఉంటే ముందు పటిక వేసి తేర్చాలి, లేకపోతే ఎంత వేసినా దండగ.

ట్రిప్పుల దొంగలెక్క సంగతంటారా, శిబిరంలో సింటెక్స్ లాంటి ప్లాస్టిక్ ట్యాంకు రాళ్ళ దిమ్మ మీద పెట్టించి, నింపే ముందొకసారి, నింపాక ఒకసారి కర్ర ముంచి కొలవాలి. ఆ చీటీ మీద శిబిరం ఆడవాళ్ళ కమిటీ వేలిముద్ర పడితేనే బిల్లు. డ్రైవరు తెచ్చిన రసీదు మీద చెల్లిస్తే మీరన్నదే జరుగుతుంది.

సందేహాలరావు:
ఇద్దరూ కొలతల్లో మునిగి అసలు మనిషిని వదిలేశారు. పెత్తందారు. శిబిరం స్థలం ఒకరిది, దాన్ని మాట్లాడి జనాన్ని కూర్చోబెట్టినవాడు ఇంకొకడు. మొగదిషులో ఇతన్ని "ముకులాల్ మదో" అంటారు, నల్లపిల్లి అని. కాపలా, మరుగుదొడ్డి, స్థలం ఇస్తాడు, బదులుగా వచ్చిన సాయంలో వాటా లాక్కుంటాడు. 2013లోనే మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ దీని మీద వివరంగా రాసింది.

నగదైతే దొంగతనం జరగదని చిట్టాఆవర్జా గారి ధీమా. 2023లో ఐక్యరాజ్యసమితే వేయించిన విచారణ తిరిగిన 55 శిబిరాల్లో 55లోనూ మళ్ళింపు కనబడింది. చేతికొచ్చిన నగదులో సగం దాకా బలవంతంగా కట్టించుకున్నారు. ఇవ్వకపోతే ఖాళీ చేయిస్తాం, జాబితాలో పేరు కొట్టేస్తాం అని బెదిరింపు. ఆ ఏడాది సెప్టెంబరులో ఐరోపా సమాఖ్య ప్రపంచ ఆహార కార్యక్రమానికి సోమాలియా నిధులు కొన్నాళ్ళు ఆపేసింది. రేషన్ డీలరు తూకంలో కొడితే కనీసం కాటా కనబడుతుంది. ఫోన్లో పడ్డది సగం పోతే ఎవరికి తెలుస్తుంది?

చిట్టాఆవర్జా:
సరైన దెబ్బ. విచారణ చెప్పింది కాదనను. కానీ అది నగదు తప్పా, జాబితా తప్పా? పెత్తందారు ఇచ్చిన కాగితాన్నే కంప్యూటర్లోకి ఎక్కించే సంస్థ సరుకులిచ్చినా, నీళ్ళిచ్చినా అదే గతి. జాబితా ఇలా కట్టాలి.

చెప్పకుండా తెల్లవారుజామున వెళ్ళాలి. ముందురోజు తెలిస్తే ఖాళీ గుడిసెలు రాత్రికి రాత్రి లేస్తాయి, కర్రలకి గుడ్డలు చుట్టి. మనుషులున్న గుడిసె చూడగానే తెలుస్తుంది: పొయ్యిలో బూడిద, మసి పట్టిన గిన్నె, మూత జిడ్డు కారుతున్న జెర్రీక్యాను, నలిగిన చాప. కొత్త గుడ్డ కట్టి, లోపల నేల మీద అడుగుజాడ కూడా లేకపోతే అది జనం కోసం వేసింది కాదు, మన కోసం వేసింది.

ఎవరికిస్తున్నారో, ఎందుకిస్తున్నారో అందరి ముందూ చదివి వినిపించాలి, గోడకంటిస్తే చాలదు. సిమ్ము ఎవరి పేరున ఉందో కంపెనీతో సరిచూడాలి. ఒకే మనిషి పేర పది సిమ్ములుంటే అక్కడే ఆగాలి. ముందు చాలా చిన్న మొత్తం పంపి ఎవరి ఫోను మోగిందో చూడాలి. పిన్ను మర్చిపోయిన ముసలమ్మ ఏజెంటు చేతికి ఫోనిస్తుంది, అతనే నొక్కుతాడు, అతనే వాటా తీసుకుంటాడు. కాబట్టి పిన్ను నేర్పడానికి ఒక పూట కేటాయించాలి. డబ్బు పడే తేదీ ముందు చెప్పకూడదు. పడ్డ వారం తర్వాత ఫోన్ చేసి "అందిందా" అని అడగొద్దు, "అందింది" అనే అంటారు. ఏమేం కొన్నారు, ఎంత అప్పు తీర్చారు, ఎంత మిగిలింది అని అడిగి కూడాలి. కూడితే తేలని మొత్తమే పెత్తందారు వాటా.

మొత్తం ఎంతన్నది కూడా మనిష్టం కాదు. నగదు సాయం చేసే సంస్థల బృందం ప్రాంతాల వారీగా కనీస ఖర్చు బుట్ట ధర కట్టి ఎంతివ్వాలో సూచిస్తుంది. ఉదారంగా ఎక్కువిస్తే పక్క శిబిరం వాళ్ళు గుడిసెలు పీక్కుని ఇటొస్తారు.

సందేహాలరావు:
అడిగే మనిషిది ఏ తెగ? అది చెప్పండి ముందు. స్థానిక సంస్థ అనగానే అందరికీ సమానం అనుకోవడం మన అమాయకత్వం. 2011 కరువులో దాదాపు 2,58,000 మంది పోయారు. ఎక్కువగా పోయింది దిగిల్-మిరిఫ్లే తెగవాళ్ళూ, నదుల వెంబడి సేద్యం చేసుకునే బంటూలూ. బలమైన తెగల బంధుబలం లేనివాళ్ళు. సంస్థ సిబ్బంది అంతా పెద్ద తెగవాళ్ళయితే ఫిర్యాదు ఫోను ఎత్తేది కూడా వాళ్ళ మేనల్లుడే.

చిట్టాఆవర్జా:
ఒప్పుకుంటాను. ఫిర్యాదు నంబరు వేరే ఊళ్ళో, వేరే సంస్థ దగ్గర ఉండాలి, మాయ్ యాస తెలిసినవాళ్ళు ఎత్తాలి. బైదోవాలో మొగదిషు యాసతో అడిగితే సగం జవాబు కూడా రాదు. కానీ స్థానికులు కాకపోతే ఎవరు? 2010 జనవరిలో ప్రపంచ ఆహార కార్యక్రమం దక్షిణం వదిలి వెళ్ళింది, మరుసటేడు నవంబరులో అల్‌షబాబ్ 16 సంస్థలని గెంటేసింది. మిగిలింది స్థానికులూ, హవాలా కొట్లే. మొగదిషు పక్కన అఫ్గోయే దారిలో డాక్టర్ హవా అబ్ది తన పొలంలోనే వేలాది కుటుంబాలని ఉంచుకుంది. అక్కడ తెగ పేరు ఎత్తకూడదు, పెళ్ళాన్ని కొట్టకూడదు. కొట్టినవాణ్ణి కొట్టుగదిలో వేసేవారు. 2016లో దాతలు సాయంలో 25 శాతం స్థానిక సంస్థలకి వీలైనంత నేరుగా ఇస్తామని ఇస్తాంబుల్లో మాటిచ్చారు, 2020 గడువు దాటినా రాలేదు.

దండకొలత:
ఒక్క మాట. మీ మూడు నెలల డబ్బులో పిల్లల వైద్యం ఎక్కడ? 2011లో పోయినవాళ్ళలో సగం అయిదేళ్ళలోపు వాళ్ళు, చాలామందిని తీసుకుపోయింది తట్టూ విరేచనాలూ. తట్టు టీకా ఫోన్లో డబ్బుతో బజార్లో దొరకదు. బిడ్డ దండ (మోచేతికి పైన చెయ్యి) చుట్టుకొలత 115 మిల్లీమీటర్ల లోపుంటే (మన అంగన్‌వాడీల్లో "సామ్", అంటే తీవ్ర పోషకాహార లోపం, అనేది అదే) జొన్నపిండి జావతో కోలుకోరు. ఆరు కిలోల బిడ్డకి వేరుశనగ పోషక ముద్ద పొట్లాలు, ఒక్కోటి 92 గ్రాములు, రోజుకి రెండున్నర దాకా, వారానికి 17–18. ఇంట్లో మిగతావాళ్ళకి తిండి లేకపోతే ఆ పొట్లం నలుగురూ పంచుకుంటారు, లేదా అమ్ముతారు. కాబట్టి ఈ బిడ్డల ఇళ్ళకి మొదట నగదు. రెండూ కలిస్తేనే పని.

కుండనీళ్ళు:
అయితే నెలలని బట్టి విడదీద్దాం. జనవరి నుంచి మార్చి దాకా జిలాల్, ఎండకాలం. బెర్కదులు, అంటే సిమెంటు పూసిన వాననీటి గోతులు, ఎండిపోయి ఉంటాయి. అప్పుడు ట్యాంకర్లు తప్పవు. ఏప్రిల్లో గూ వానలు పడగానే బెర్కదులు నిండుతాయి, మట్టిదార్లలో ట్యాంకరు చక్రం దిగబడుతుంది. అప్పుడు నీళ్ళకి పెట్టేది సగానికి తగ్గించి, మిగిలింది ఫోన్లకి మళ్ళించండి. క్లోరిన్ మాత్రం మానకండి, వానల్లోనే గోతుల్లోకి మురుగు దిగుతుంది.

చిట్టాఆవర్జా:
ఆ సర్దుబాటుకి నేను సరే. మళ్ళించే డబ్బు గూ మొదలవక ముందే పడాలి, జొన్న విత్తనాలు ఏప్రిల్లోనే కావాలి. పల్లెకి తిరిగి పోగలిగిన వాళ్ళు అప్పుడే పోతారు. మేలో వేస్తే అది అప్పులకే పోతుంది.

సందేహాలరావు:
స్థలం సొంతదారుతో రాతపూర్వకంగా ఎన్నాళ్ళుండనిస్తాడో తేల్చుకున్నాకే దిమ్మ కట్టించండి, ట్యాంకు పెట్టించండి. 2017 డిసెంబరు చివర్లో మొగదిషు శివార్లలో శిబిరాల మీదికి బుల్డోజర్లు వచ్చినప్పుడు గుడిసెలతో పాటు దాతలు కట్టించినవీ కూలిపోయాయి. నీళ్ళొచ్చిన స్థలానికి ధర పెరుగుతుంది, ధర పెరిగితే మొదట ఖాళీ చేయించేది ఆ నీళ్ళు ఎవరి కోసం తెచ్చారో వాళ్ళనే.