రెండెకరాల వరికి రెండు గేదెలు: తోడా, బరువా?

శివారు ఆయకట్టు:
మాది కృష్ణా డెల్టాలో కాలువ చివరి ఊరు. రెండెకరాల సొంత చేను. సార్వాలో, అంటే వానాకాలంలో వరి, నీళ్లొస్తేనే దాళ్వా, అంటే రెండో పంట. ఒకప్పుడు దొడ్డిలో ఆరు పశువులుండేవి, పదేళ్ల క్రితం అమ్మేశాం. ఇప్పుడు రెండు ముర్రా గేదెలు కొనమని ఇంట్లో ఒకటే పోరు. చేస్తున్నవారు, చేసి మానేసినవారు కూడా చెప్పండి.

లెక్కల మాస్టారు:
ఎరువు కోసమైతే వద్దు. చివికిన పశువుల ఎరువులో నత్రజని అర శాతం, అంటే టన్నుకు 5 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోల పైమాటే, ధర 266 రూపాయల 50 పైసలు. ఒక్క బస్తాకు సరితూగాలంటే నాలుగు టన్నులు తోలాలి. ట్రాక్టరు బాడుగ మీరే వేసుకోండి.

పాడి మానని రైతు:
మాస్టారూ, లెక్క సరైనదే, తూచిన వస్తువే తప్పు. నాకు రెండు చెక్కలున్నాయి. దొడ్డి పక్కదానికి ఏటా ఎరువు పడుతుంది, కాలువ అవతలిదానికి పడదు. నాటిన మూడు వారాలకు అవతలి చెక్కలోనే ఆకుల మీద తుప్పు మచ్చలు, జింకు వేయక తప్పదు. ఇవతల ఆ ఖర్చు లేదు. ఇక మేతంటారా, కోతకు ముందు పదును చూసి అర ఎకరంలో పిల్లిపెసర చల్లుతాను. మిగతాదంతా మినుమే.

లెక్కల మాస్టారు:
జింకు మాట ఒప్పుకుంటాను. అవతలి చెక్కకు ఎరువు ఎందుకు తోలడం లేదు? బాడుగ గిట్టకే కదా! నేనన్నదీ అదే.

వాము వేసిన చెయ్యి:
మీరిద్దరూ ఎరువు దగ్గరే ఆగిపోయారు. చిక్కంతా కోత మిషనులో ఉంది. చేత్తో కోసి, కుప్ప వేసి, నూర్చిన రోజుల్లో గడ్డి ఎండి వాముకు చేరేది. ఇప్పుడు మిషను వదిలిన గడ్డి చేలోనే పడి ఉంటుంది, దాన్ని కట్టలు కట్టించడానికి మళ్లీ ఖర్చు. చైను మిషను తిరిగిన చోట పిల్లిపెసర మొలక కూడా బురదలో కూరుకుపోతుంది.

ఒక ఏడు తుపాను వానకు తడిసిన కట్టలను పైపైన ఆరబెట్టి మేపాను. నెల తిరక్కముందే గేదె తోక చివర ఎండు చింతకాయలా నల్లబడింది, తర్వాత చెవుల అంచులు. బూజు గడ్డి వల్ల వచ్చే డెగ్నాలా అన్నారు డాక్టరు గారు. గేదె బతికింది, తోక కుచ్చు మాత్రం పోయింది. అప్పటినుంచి కట్ట విప్పి వాసన చూడనిదే మేత వేయను.

ఎండుగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే, కడుపు నిండుతుంది గాని పాలు దిగవు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే కొంత మేలు. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం అది పెట్టకండి. ఇన్ని చెప్పినా, రెండు గేదెల వరకు నేను సరే అంటాను. మూడోది కొంటే మేత కొనుక్కోవాల్సిందే.

దొడ్డి పని నాది:
నత్రజని తూచారు, జింకు తూచారు, గడ్డి వాసన కూడా చూశారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచేది ఎవరో ఎవరూ రాయలేదు. పేడ ఎత్తాలి, కడగాలి, పాలు పిండి కేంద్రానికి పంపాలి, సాయంత్రం మళ్లీ అదే. పుట్టింట్లో పెళ్లికి వెళ్లినా రాత్రి బస్సుకు తిరిగి రావాలి, నా చెయ్యి తప్ప ఇంకొకరి చేతికి మా గేదె చేపదు. వెన్న శాతం రాసిన చీటీ మీద పేరు మాత్రం మా ఆయనది. పాడి లాభమే, కాదనను. నా కూలి కలపకుండా లాభం.

శివారు ఆయకట్టు గారూ, మీ ఇంట్లో పోరు పెడుతున్నది ఎవరు? రేపు పాలు తీసేది ఎవరు?

శివారు ఆయకట్టు:
పోరు మా నాన్నగారిది. ఆయనకు 78 ఏళ్లు. పాలు తీయాల్సింది మా ఆవిడ. తనను ఇంకా అడగలేదండీ.