ఆర్గానిక్ కాటన్ సంచి 20,000 సార్లు వాడాలట: ఈ అంకె క్లయింటుకి చెప్పాలా వద్దా?

పచ్చఫైలు:
నేను పర్యావరణ కన్సల్టెన్సీలో చేస్తాను. చాలా షాపులున్న ఒక కంపెనీ ప్లాస్టిక్ సంచులు మానేసి ఆర్గానిక్ కాటన్ సంచులు ఇస్తుందట. వాటి మీద "ప్లాస్టిక్ కంటే మేలు" అని అచ్చేయించడానికి మా రిపోర్టు కావాలి. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో వేసిన అధ్యయనం ప్రకారం ఆ సంచిని 20,000 సార్లు వాడితే గానీ ప్లాస్టిక్ సంచికి సమానం కాదు. ఈ అంకె మొదటి పేజీలో ఉండాలంటాను. మేనేజరు వద్దంటున్నారు.

లెక్కలరాయుడు:
అధ్యయనం చదివారా, దాని మీద వచ్చిన వార్త చదివారా? పర్యావరణానికి జరిగే నష్టాన్ని కొలిచే అన్ని కొలమానాల్లోనూ సమానం కావాలంటే వచ్చే అంకె అది. ఒక్కదాంట్లో వెనకబడితే చాలు, అదే మొత్తాన్ని ఈడ్చుకుపోతుంది. ఇక్కడ ఈడ్చింది ఓజోన్ పొరకి జరిగే నష్టం. వాతావరణ మార్పు ఒక్కటే చూస్తే అదే సంచికి 149 సార్లు, మామూలు కాటన్‌కి 52 సార్లు చాలు. ఇంకో తమాషా, ప్లాస్టిక్ సంచిలో పట్టే 22 లీటర్ల సామాను ఆ సంచిలో పట్టలేదని ఒకటికి బదులు రెండు సంచులు లెక్కేశారు.

చినుకు:
గాలికి ఎగిరి కాలవల్లో చేరే ప్లాస్టిక్‌ని అందులో లెక్కలోకి తీసుకోలేదుగా?

లెక్కలరాయుడు:
లేదు. అందుకే ఒంటి అంకె పెట్టకూడదు అంటున్నా.

ఫీల్డుమనిషి:
అంకెల దగ్గరే కొట్టుకుంటున్నారు. ఒకసారి ఫ్యాక్టరీ దిగువన వాగు నీళ్ళు పట్టమన్నారు. ఎప్పుడు పట్టాలో క్లయింటే చెప్పాడు, పెద్ద వాన వెలిసిన మర్నాడు. ల్యాబ్ కాగితం మీద అంకెలన్నీ నిజమే. తేదీ పక్కన "నిన్న వాన" అని నేను చేత్తో రాశాను. ఫైనల్ రిపోర్టులో ఆ రెండు మాటలూ లేవు. నా సంతకం మాత్రం ఉంది.

లెక్కలరాయుడు:
సారీ అండీ, కానీ వాగుకీ సంచికీ ఏమిటి సంబంధం? మనం 20,000 గురించి మాట్లాడుతున్నాం.

ఫీల్డుమనిషి:
మీకు సంబంధం కనపడకపోవడమే నా బాధ.

బిల్లుబాబు:
డబ్బిచ్చేది క్లయింటు. అడిగిందానికి జవాబు చెప్పి బిల్లు పంపుకోవాలి. నీతులు ఇంట్లో చెప్పుకోండి.

పచ్చఫైలు:
బిల్లుబాబు గారూ, మీలాంటి వాళ్ళ వల్లే మా రిపోర్టుల్ని ఎవరూ నమ్మట్లేదు. 20,000 చూస్తే ఆ సంచులు ఆపేస్తారు, నాకు కావలసింది అదే.

లెక్కలరాయుడు:
హమ్మయ్య, అసలు మాట బయటికొచ్చింది. ఆపాలని ముందే అనుకుని మీరు అంకె వెతుక్కున్నారు. ఒప్పించాలని మీ మేనేజరు వెతుక్కున్నారు. ఇద్దరూ ఒక్కటే.

పచ్చఫైలు:
ఒక్కటి కాదు! ఆయనకి ఈ క్లయింటు పోతాడని భయం. నాకు ఆ అచ్చు చూసి జనం మోసపోతారని భయం.

లెక్కలరాయుడు:
భయం మంచిదైనా అంకె అబద్ధమాడితే ఎలా? ఒక వస్తువు కంటే ఇంకోటి మేలని జనానికి చెప్పుకోవాలంటే బయటి నిపుణుల బృందంతో సమీక్ష చేయించాలని ఇలాంటి అధ్యయనాలకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 14044 చెబుతోంది. అది అడగండి ముందు.

బిల్లుబాబు:
దానికి బిల్లు ఎవరు కడతారు?

ఫీల్డుమనిషి:
పచ్చఫైలు గారూ, మీ ఒప్పందంలో డ్రాఫ్టు మార్చే హక్కు ఎవరికుందో చూశారా?

పచ్చఫైలు:
ఇప్పుడే తీసి చూశాను. "క్లయింటు ఆమోదించాకే ఫైనల్" అని ఉంది. కింద సంతకం నాదే.