పదకొండేళ్లు చేశాక పదిహేను నిమిషాల కాల్‌లో తీసేశారు
ప్రశ్న: పోయిన నెల కాల్ అయ్యేలోపే లాగిన్ ఆగిపోయింది, టీమ్ వాళ్లకి వెళ్లొస్తానని కూడా చెప్పలేకపోయా. రేటింగ్ ఎప్పుడూ బాగానే ఉండేది. అసలు కంపెనీలు మనిషికి విలువ ఎలా కడతాయండి?

జవాబు 1: చాలా బాధగా ఉందండి. దీనికీ మీ రేటింగ్‌కీ పెద్దగా సంబంధం ఉండదు, పైనుంచి ఇంత ఖర్చు తగ్గాలని ఒక నంబర్ వస్తుంది, ప్రాజెక్ట్ ఆపేస్తే అందులో వాళ్లంతా లిస్టులోకి వెళ్లిపోతారు. నేను ఒకసారి అలాంటి లిస్టు చూశా, జీతం, టీమ్ పేరు ఉన్నాయి, అర్ధరాత్రి లేచి సర్వర్ సరిచేసిన సంగతి ఏ కాలమ్‌లోనూ లేదు.

జవాబు 2: డబ్బుల్లేకే తీసేస్తారనుకోకండి. ఫేస్‌బుక్ నడిపే మెటా 2022 నవంబర్‌లో 11,000 మందిని తీసేసింది, 2023 ఫిబ్రవరిలో 40 బిలియన్ డాలర్ల షేర్ల బైబ్యాక్ (అంటే తన షేర్లు తనే తిరిగి కొనుక్కోవడం) ప్రకటించింది, మార్చిలో మళ్లీ ఇంకో 10,000 మంది అంది. జపాన్ వీడియో గేమ్ కంపెనీ నింటెండోకి నష్టాలొచ్చినప్పుడు మాత్రం 2014లో ప్రెసిడెంట్ సతోరు ఇవాటా ఐదు నెలలు తన జీతం సగానికి తగ్గించుకున్నారు, అలా చేసేవాళ్లూ ఉన్నారు.

జవాబు 3: సెవరెన్స్ (తీసేసేటప్పుడు ఇచ్చే డబ్బు) కాగితాల మీద కంగారుపడి సంతకం పెట్టకండి, ముందు మొత్తం చదవండి. మిగిలిన లీవుల డబ్బులు, ఎక్స్‌పీరియన్స్ లెటర్ గట్టిగా అడగండి. మీ టీమ్ వాళ్లకి ఫోన్ చేయండి, వాళ్లూ మీ గురించే ఆలోచిస్తుంటారు.