రెండు అక్షాల మెమ్స్ అద్దం: ఆగాల్సిన చుక్క వణుకుతోంది, పైగా ఇంకో చుక్క కదలనంటోంది

ప్రశ్న: గోడమీదచుక్క

అద్దం మెమ్స్ రకం, అంటే సిలికాన్ చిప్‌లో చెక్కిన చిన్న కదిలే అద్దం. 2 మి.మీ. వ్యాసం, స్థిరవిద్యుత్తుతో నడిచే రెండు అక్షాల రకం, అల్యూమినియం పూత, పైన గాజు మూత. లేజర్ 520 నానోమీటర్లు, 5 మిల్లీవాట్లు. మాడ్యూల్ నుంచి వచ్చే కిరణం 3 మి.మీ. ఉంటుంది, అద్దం మీద 45 డిగ్రీల్లో పడుతోంది. గోడ 1 మీటరు దూరం. కావలసింది 30 వరసలు, వరసకు 30 స్థానాలు. ప్రతి చోటా చుక్క ఆగాలి, ఫొటోడయోడ్ (వెలుగును కొలిచే సెన్సార్) రీడింగ్ తీసుకోవాలి, పక్కకు జరగాలి.

డ్రైవర్ సొంతంగా కట్టింది. డ్యాక్ (అంకెలను వోల్టేజీగా మార్చే చిప్), దాని వెనక 150 వోల్టుల యాంప్లిఫయర్, రెండే చానెళ్లు. అక్షానికి ఒక వైపు ఎలక్ట్రోడ్‌కు వోల్టేజీ ఇచ్చి, అవతలి వైపు గ్రౌండ్ చేశాను.

తేడాలు ఇవి. చుక్క చోటు మారగానే తోకలా సాగి, 70 మిల్లీసెకన్ల దాకా కుదురుకోవట్లేదు. స్థానాలు ఒక అంచున కిక్కిరిసి, రెండో అంచుకు పోయేకొద్దీ దూరం దూరమవుతున్నాయి. అద్దం ఎటు తిప్పినా కదలని మసక చుక్క ఒకటి గోడ మీద ఉండిపోతోంది. ఆపకుండా గీద్దామని 200 హెర్ట్జ్ త్రిభుజ తరంగం ఇస్తే గీత అనుకున్నదానికి ఎన్నో రెట్లు సాగింది, దాని మీద ముడులు ముడులుగా వెలుగు. అద్దం పోతుందేమోనని వెంటనే ఆపేశాను. డేటాషీట్‌లో అనునాద పౌనఃపున్యం (అద్దం తనంతట తాను ఊగే లయ) సుమారు 1 కిలోహెర్ట్జ్ అని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?


జవాబు: ఊయలబల్ల

ఆపేసి మంచి పని చేశారు. ముందు డ్రైవర్ సంగతి చూద్దాం, మీ తేడాల్లో సగం అక్కడివే.

స్థిరవిద్యుత్తు అద్దాన్ని లాగే బలం వోల్టేజీకి కాదు, వోల్టేజీ వర్గానికి అనులోమం. 40 వోల్టులకు 1600 అనుకుంటే 80కి 6400. వోల్టేజీ రెట్టింపైతే లాగుడు నాలుగింతలు. స్థానాలు ఒక అంచున కిక్కిరియడానికి కారణం ఇదే. ప్రోగ్రాంలో వర్గమూలం తీసి సరిపెట్టొచ్చు గానీ అప్పుడు కూడా సగం పరిధే మీది. అసలు పద్ధతి నాలుగు చానెళ్లు. నాలుగు ఎలక్ట్రోడ్లకూ ఒకే బయాస్ (మారని మూల వోల్టేజీ) ఇచ్చి, అక్షానికి ఉన్న రెండింటిలో ఒకదానికి సిగ్నల్ కలపండి, రెండోదానికి అంతే తీసేయండి. బయాస్ 80 అనుకుంటే ఒకటి 120, ఇంకోటి 40. 120 వర్గంలోంచి 40 వర్గం తీస్తే 12800. అది సరిగ్గా 4 × 80 × 40. అంటే వర్గం మాయమై, మీరిచ్చే తేడాకు అనులోమంగా బలం వస్తుంది. ఎంత బయాస్, ఎంత తేడా అన్నవి మీ అద్దం డేటాషీట్‌లోని పరిమితులను బట్టే పెట్టండి, నా 80 కేవలం లెక్క కోసం.

ఇక వణుకు. ఈ అద్దాలకు గాలి తప్ప బ్రేకు లేదు. క్యూ విలువ (ఊపు ఎంత మెల్లగా చల్లారుతుందో చెప్పే సంఖ్య) 50 ఉంటే, 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఊపు 37 శాతానికి తగ్గడానికి 16 మిల్లీసెకన్లు, 1 శాతానికి రావడానికి 73 మిల్లీసెకన్లు పడుతుంది. మీ 70 అక్కడిదే. ఇంతకన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. ఇలాంటి అద్దానికి ఒక్కసారిగా మెట్టు (వోల్టేజీలో హఠాత్తు మార్పు) ఇస్తే మొదటి ఊపులో లక్ష్యాన్ని దాదాపు 97 శాతం దాటిపోతుంది. 4 డిగ్రీలు అడిగితే ఒక్క క్షణం 8 దగ్గరికి వెళ్లొస్తుందన్నమాట. డేటాషీట్ పరిమితి 5 అయితే అది చాలు, ఎలక్ట్రోడ్‌కు అతుక్కుపోవడానికో, అద్దాన్ని పట్టుకున్న సన్నని కమ్మీ విరగడానికో. అందుకని ఫిల్టరు లేకుండా పెద్ద మెట్లు ఇక ఇవ్వకండి.

మొదట మీ అద్దం సొంత సంఖ్యలు కొలవండి. పరిధిలో 5 శాతానికి మించని చిన్న మెట్టు ఇవ్వండి. గోడ స్థానంలో ఫొటోడయోడ్ పెట్టి, దాని ముందు బ్లేడుతో కిరణం సగం మూయండి. చుక్క కదిలితే వెలుగు హెచ్చుతగ్గులవుతుంది, ఆసిల్లోస్కోపు మీద ఊపులు కనిపిస్తాయి. 20 ఊపులకు పట్టిన కాలం తీసి భాగిస్తే పౌనఃపున్యం వస్తుంది. ఎత్తు 37 శాతానికి పడేలోపు ఎన్ని ఊపులున్నాయో లెక్కపెట్టి 3.14తో గుణిస్తే క్యూ. 16 ఊపులుంటే 50. పనిచేసే బయాస్ మీదే కొలవాలి, బయాస్ మారితే పౌనఃపున్యమూ మారుతుంది. రెండు అక్షాలకూ వేరువేరుగా చేయండి.

తర్వాత ఫిల్టరు. అనునాదంలో సగం దగ్గర ఆరో ఆర్డర్ బెసెల్ (ఎక్కువ పౌనఃపున్యాలను మెత్తగా తగ్గించే ఒక రకం ఫిల్టరు) పెడితే చాలని చాలామంది అంటారు. 500 హెర్ట్జ్ బెసెల్ 1 కిలోహెర్ట్జ్‌ను సుమారు 14 డెసిబెల్స్ మాత్రమే తగ్గిస్తుంది, అంటే ఇంకా 20 శాతం ఊపు మిగులుతుంది. క్యూ తక్కువున్న అద్దానికి పరవాలేదు. మీకు చాలదు. 300 హెర్ట్జ్‌కు దించితే 35 డెసిబెల్స్ దాటి తగ్గుతుంది, మిగిలే ఊపు 2 శాతం లోపు. చుక్క సుమారు 3 మిల్లీసెకన్లలో కూర్చుంటుంది. మీ 900 స్థానాలకు 73 చొప్పున ఒక నిమిషం పైన పడుతోంది, 3 చొప్పున అయితే 2.7 సెకన్లు.

ఇంకా వేగం కావాలంటే మెట్టును ముక్కలు చేసి ఇవ్వడం. క్యూ 50కి మూడు ముక్కలు: ముందు 0.258 వంతు, అర మిల్లీసెకను తర్వాత 0.500, ఇంకో అర మిల్లీసెకనుకు 0.242. మొదటి ముక్క లేపిన ఊపును మిగతా రెండూ ఎదురెక్కి ఆపుతాయి, 1 మిల్లీసెకనులో పని అయిపోతుంది. రెండు ముక్కలతోనూ చేయొచ్చు, 0.508, 0.492. కాకపోతే కొలిచిన పౌనఃపున్యంలో 3 శాతం తప్పున్నా 5 శాతం ఊపు మిగిలిపోతుంది. మూడు ముక్కలది 14 శాతం తప్పు దాకా ఓర్చుకుంటుంది. నేనైతే మూడే వాడతాను.

త్రిభుజ తరంగం కథ వేరు. అందులో 3, 5, 7 రెట్ల హార్మోనిక్స్, అంటే అసలు పౌనఃపున్యానికి అన్నేసి రెట్లున్న తరంగాలు, కలిసి ఉంటాయి. 200 × 5 = 1000, సూటిగా అనునాదం మీదే కొట్టారు! ఐదో హార్మోనిక్ అసలులో 25వ వంతే గానీ అద్దం దాన్ని 50 రెట్లు పెంచుతుంది, అంటే అసలు కదలిక కంటే వణుకు రెండింతలు. 180కి మార్చినా ఐదోది 900 దగ్గర పడి 21 శాతం మిగులుతుంది, కాబట్టి పౌనఃపున్యం అటూ ఇటూ జరపడం మందు కాదు. ఐదోదాన్ని పుట్టనివ్వకండి: 200 హెర్ట్జ్ సైను, దాన్లోంచి 600 హెర్ట్జ్ సైను 0.074 వంతు తీసేయండి. లెక్క ప్రకారం 0.111 రావాలి, కానీ 600ని అద్దమే 1.56 రెట్లు పెంచుతుంది, 200ని 1.04 రెట్లే. అందుకే తగ్గించాం. ఈ పని చేసేటప్పుడు 300 హెర్ట్జ్ ఫిల్టరు దారిలో ఉంటే 600 చచ్చిపోతుంది, దాన్ని పక్కకు తప్పించండి.


జవాబు: కటకం_తుడిచేవాడు

డ్రైవర్ సంగతి పైన వచ్చేసింది. కదలని చుక్క మాత్రం గాజు మూత నుంచి. మూత అద్దానికి సమాంతరంగా ఉంటే, మూత మీద పడి తిరిగొచ్చే కిరణం, అద్దం సున్నాలో ఉన్నప్పటి కిరణం ఒకే దిక్కుకు పోతాయి. అద్దం రెండు వైపులా తిరిగితే ఆ చుక్క సరిగ్గా బొమ్మ నడిమధ్యలో ఉంటుంది. మీరు ఒక వైపే తిప్పుతున్నారు కాబట్టి కిక్కిరిసిన అంచున ఉండాలి, చూసి చెప్పండి. పూత లేని గాజు ఒక్కో ముఖం 4 శాతం వెనక్కి పంపుతుంది, 45 డిగ్రీల్లో ధ్రువణాన్ని (కాంతి తరంగం ఊగే దిక్కును) బట్టి అంతకన్నా ఎక్కువో తక్కువో. 520కి తగిన ప్రతిఫలన నిరోధక పూత ఉన్న మూత అయితే చుక్క బాగా మసకబారుతుంది, పోదు. మూత ఏటవాలుగా అతికించిన ప్యాకేజీలో అది బొమ్మ బయటికి పోతుంది. ఉన్నదానితోనే పని కావాలంటే మీ 30×30ని పరిధి మధ్య నుంచి కాస్త పక్కకు జరిపి, ఆ చుక్క ఉన్న చోట నల్ల కాగితం పెట్టండి. మూత మాత్రం ఊడదీయకండి.

కిరణం వెడల్పు మీరు అనుకున్నదానికన్నా పెద్ద తప్పు. 2 మి.మీ. అద్దం 45 డిగ్రీల్లో చూస్తే ఒక దిక్కున 1.41 మి.మీ. మాత్రమే. దాని మీద 3 మి.మీ. కిరణం వేస్తే చాలా వెలుగు అద్దం చుట్టూ ఉన్న సిలికాన్ మీదా చట్రం మీదా పడి గోడంతా చిందుతుంది, మీ ఫొటోడయోడ్ అదంతా చదువుతుంది. కిరణం అద్దం వెడల్పులో మూడింట రెండు వంతులు ఉంటే 98.9 శాతం అద్దం మీదే పడుతుంది. సమానంగా ఉంటే 86.5 శాతమే. అంటే మీకు 0.94 మి.మీ. కావాలి. 75 మి.మీ. నాభ్యంతరం ఉన్న కటకం, దానికి 100 మి.మీ. దూరంలో 25 మి.మీ. కటకం పెడితే 3 మి.మీ. కాస్తా 1 మి.మీ. అవుతుంది. పడే కోణాన్ని 22.5కి తగ్గించగలిగితే 1.23 మి.మీ. దాకా చోటుంది, కాబట్టి 1 మి.మీ. హాయిగా పడుతుంది, బొమ్మ వంకర కూడా తగ్గుతుంది. 1 మి.మీ. కిరణం మీటరు దూరంలో 1.2 మి.మీ. అవుతుంది, అంతే.

డయోడ్ మాడ్యూల్ కిరణం గుండ్రంగా ఉండదని గుర్తుంచుకోండి. దాని పొడుగు వైపును అద్దం కుంచించుకుపోని దిక్కుకు తిప్పండి.


గోడమీదచుక్క

అవును, కిక్కిరిసిన అంచునే ఉంది. బ్లేడు పద్ధతిలో ఒక అక్షం 985, ఇంకోటి 1040 హెర్ట్జ్ వచ్చాయి, క్యూ 50కి అటూ ఇటూ. రెండు ప్రశ్నలు. గంట నడిచాక మొత్తం చుక్కల వల గోడ మీద 2 మి.మీ. పక్కకు జరుగుతోంది, అద్దమేనా కారణం? రెండోది, పాత డీఎల్‌పీ ప్రొజెక్టర్ చిప్ ఒకటి ఉంది. అందులో లక్షల అద్దాలున్నాయి కదా, ఇది పాడైతే దాన్ని వాడొచ్చా?


జవాబు: కటకం_తుడిచేవాడు

ప్రొజెక్టర్ చిప్ వద్దు. అందులోని అద్దాలకు రెండే భంగిమలు, ఇప్పటి చాలా చిప్పుల్లో +12, −12 డిగ్రీలు. మధ్యలో ఎక్కడా నిలవవు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ 1987లో దాన్ని కనిపెట్టింది వెలుగును ఆపడానికీ పంపడానికీ, కావలసిన కోణానికి తిప్పడానికి కాదు. ఒక్కో అద్దం సుమారు పది మైక్రాన్లే ఉంటుంది కాబట్టి లేజర్ వేస్తే మొత్తం చిప్ జాలకంలా (కాంతిని చీల్చే సన్నని గీతల పలకలా) పనిచేసి గోడ మీద బోలెడు చుక్కలు చల్లుతుంది.


జవాబు: ఊయలబల్ల

2 మి.మీ. అంటే మీటరు దూరంలో కిరణం 2 మిల్లీరేడియన్లు తిరిగింది, అద్దం మాత్రం అందులో సగమే తిరిగితే చాలు. నేరం అద్దానిదేనని అప్పుడే అనకండి. లేజర్‌కూ అద్దానికీ మధ్య పలుచటి గాజు ముక్క పెట్టి కొంచెం వెలుగు విడిగా గోడ మీదికి పంపండి. ఆ చుక్క కూడా జరుగుతుంటే లేజరో దాని పట్టో వేడెక్కుతోంది. అరగంట వేడెక్కనిచ్చి మొదలుపెట్టండి, ప్లాస్టిక్ పట్టు తీసేసి అల్యూమినియం దిమ్మలో బిగించండి.

అది కదలకపోతే రెండో పరీక్ష. అద్దాన్ని ఒక గంట పూర్తిగా కుడికి నిలిపి సున్నాకు తెచ్చి చూడండి, మర్నాడు ఎడమకు నిలిపి అదే చేయండి. నిలిపిన దిక్కును బట్టి సున్నా జరిగే దిక్కు కూడా మారి, మెల్లగా వెనక్కి వస్తుంటే ఎలక్ట్రోడ్ల దగ్గరి అవాహక పొరలో ఆవేశం పేరుకుంటోంది. ఎటు నిలిపినా ఒకే దిక్కుకు పోతే అది వేడే, లేదా డ్రైవర్ బయాస్ జారుతోంది. బయాస్ చూడటానికి మల్టీమీటర్ నేరుగా పెట్టేముందు యాంప్లిఫయర్ తర్వాత ఎంత రెసిస్టర్ ఉందో చూసుకోండి. మీటరు 10 మెగాఓమ్‌లు, మీరు వరసలో 1 మెగాఓమ్ పెట్టి ఉంటే 9 శాతం తక్కువ చూపిస్తుంది, ఆ కొలిచేంతసేపూ అద్దానికీ అంతే తక్కువ అందుతుంది.

మూత సందులోంచి తేమ వెళ్లే ప్యాకేజీ అయితే వానాకాలంలో ఇదంతా ఎక్కువవుతుంది. ఎక్కువ వోల్టేజీలో తేమ ఉంటే పాలీసిలికాన్ ఎలక్ట్రోడ్లు ఆక్సీకరణ చెందుతాయి, అది తిరిగి బాగుపడదు. పొడి నైట్రోజన్ నింపి మూసిన ప్యాకేజీకి ఈ బాధ లేదు. మీది ఏదో డేటాషీట్‌లో ఉంటుంది.

985, 1040 వేరువేరు కాబట్టి ముక్కల మధ్య విరామం కూడా అక్షానికొకటి: 0.508, 0.481 మిల్లీసెకన్లు. డ్యాక్ 20 కిలోహెర్ట్జ్‌లో రాస్తుంటే అడుగు 0.05 మిల్లీసెకను, 0.50 దగ్గరికే రెండూ సర్దుకుంటాయి. మూడు ముక్కల పద్ధతి ఆ తప్పును ఓర్చుకుంటుంది.

కొత్త నాలుగు చానెళ్ల డ్రైవర్ మొదటిసారి ఆన్ చేసేటప్పుడు లేజర్ ఆపి ఉంచండి. నాలుగు బయాస్‌లనూ కలిపి 0 నుంచి అర సెకనులో ఎక్కించండి, ఆ తర్వాతే సిగ్నల్. ఆపేటప్పుడు తిరగేసి: సిగ్నల్ సున్నాకు, లేజర్ ఆఫ్, చివరికి బయాస్. ఒక చానెల్ మాత్రం వెనకబడి ఎక్కితే అద్దం ఆ క్షణం ఒక మూలకు పోయి కొట్టుకుంటుంది. బయాస్ పడిపోతే లేజర్‌ను కోసేసే కంపారేటర్ (వోల్టేజీ హద్దు దాటిందో లేదో చూసే చిప్) ఒకటి పెట్టండి. 5 మిల్లీవాట్ల ఆకుపచ్చ చుక్క ఒకే చోట ఆగిపోతే, ఆ చోట ఎవరి కన్నున్నా ప్రమాదమే.